ముక్కు, కళ్ల ఎలర్జీ: రోజూ మాత్రా, మూడేళ్ల ఇంజెక్షనా, నాలుక కింద చుక్కలా?

మా పాలకొల్లు వైపు ఎవరైనా "ఎలర్జీ ఇంజెక్షన్ చేయించుకున్నా, హాయిగా ఉంది" అంటే, ఏ ఇంజెక్షనో ముందు అడుగుతాను. ఆ ఒక్క పేరు మీద రెండు నడుస్తున్నాయి మరి. ఒకటి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో చిన్న క్లినిక్‌లోనో నడుముకి వేసే స్టెరాయిడ్. పొద్దున వేయించుకుంటే మర్నాటికి తుమ్ములు ఆగుతాయి, కొన్ని వారాలు ముక్కు తెరుచుకునే ఉంటుంది. మళ్లీ మొదలవగానే మళ్లీ వెళ్తారు. అలా ఏడాదికి నాలుగైదు సార్లు వేయించుకునేవాళ్లు నాకు తెలుసు. షుగరు, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోవడం తర్వాత బయటపడే సంగతులు. అసలే ఇంటికొక షుగరు పేషెంటు ఉన్న జిల్లాలు మనవి. ఈ పోలికలో దాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

రెండోది ఇమ్యునోథెరపీ. మీకు పడని వస్తువు సారాన్నే అతి తక్కువ మోతాదులో మొదలుపెట్టి, నెలల తరబడి పెంచుకుంటూ పోయి, ఒళ్లు దానికి అలవాటు పడేలా చేసే వైద్యం. ఇదేం కొత్తది కాదు. 1911లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ అనే డాక్టరు గడ్డి పుప్పొడి సారంతో మొదలుపెట్టాడు. ఎలర్జీకి మూలమైన ఐజీఈ అనే యాంటీబాడీని శాస్త్రజ్ఞులు కనిపెట్టింది 1960ల చివర్లో. అంటే ఎందుకు పనిచేస్తుందో తెలియకముందే యాభై ఏళ్లకు పైగా ఇచ్చారన్నమాట.

నాకు ఇరవై ఏళ్ల నుంచి ఈ బాధ ఉంది. మూడున్నరేళ్లు ఇంజెక్షన్ కోర్సు చేశాను. మా బావమరిది నాలుక కింద చుక్కలు మొదలుపెట్టి ఎనిమిదో నెలలో మానేశాడు. మా చెల్లెలి కొడుక్కి వచ్చింది కంటి ఎలర్జీయే గానీ వాడి దారి వేరు. నేను డాక్టర్ని కాను. ఈ ముగ్గురి వెంట తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, దేనివల్ల వస్తోంది. ఇది తేలకుండా ఇమ్యునోథెరపీ గురించి మాట్లాడటం దండగ. కొలతలన్నిట్లో పెద్దది ఇదే కాబట్టి దీని గురించి కింద విడిగా రాస్తాను.

రెండోది, ఏడాదిలో ఎన్ని నెలలు. సార్వా నూర్పిళ్లప్పుడు, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు, దాళ్వా కోతలప్పుడు మాత్రమే తుమ్ములొచ్చే మనిషికీ, ఏడాది పొడవునా రోజూ పొద్దున్నే మంచం మీద నుంచి లేవకముందే పదిహేను తుమ్ములు తుమ్మే మనిషికీ ఒకే వైద్యం అక్కర్లేదు.

మూడోది, మందులు సరిగ్గా వాడి చూశారా. "అన్నీ వాడేశానండీ, ఏదీ పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామంది ముక్కు స్ప్రేని నాలుగు రోజులు కొట్టి మానేసినవాళ్లే.

నాలుగోది ఛాతీ. ఆయాసం, పిల్లికూతలు ఉన్నాయా, ఉంటే అదుపులో ఉన్నాయా.

మిగతావి ఇంటి లెక్కలు. డాక్టరు ఎంత దూరం, రోజూ మర్చిపోకుండా మందు వేసుకునే స్వభావం మీదేనా, ఇంట్లో ఫ్రిజ్ ఉందా, రాబోయే మూడేళ్లు ఈ ఊళ్లోనే ఉంటారా. ఆసుపత్రిలో వీటిని ఎవరూ అడగరు. నేను చూసినంతలో కోర్సు మధ్యలో ఆగిపోయేది మాత్రం వీటివల్లే.

దేనివల్ల అన్నది ఎలా తేలుతుంది

ఏళ్ల తరబడి నేను కొబ్బరి చెట్లని తిట్టుకున్నాను. ఇంటి చుట్టూ తోట, గెలలు పూసినంత కాలం పొడి రాలుతూనే ఉంటుంది, ఇంకేముంటుంది అనుకున్నాను. మా ఆవిడ గడ్డిమేటు అంది. అమ్మ మంచు అంది. కోనసీమ బంధువులు పీచు పొట్టు అన్నారు.

స్కిన్ టెస్టు రోజున మోచేతి కింద లోపలివైపు పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క పెట్టారు. ఒక్కో చుక్క మీద చిన్న ములుకుతో చర్మాన్ని ఇలా తాకించి అలా తీశారు. రక్తం రాదు. మొదటి చుక్క ఉత్త ఉప్పునీరు, అక్కడ ఏమీ రాకూడదు. ఇంకొకటి హిస్టమిన్ (దురద, దద్దు తెచ్చే పదార్థం), అక్కడ తప్పకుండా దద్దు రావాలి. ఈ రెండూ సరిగ్గా పలికితేనే మిగతావి నమ్మొచ్చు. పదిహేను, ఇరవై నిమిషాలు గోక్కోకుండా కూర్చోవాలి. అదే కష్టం. డస్ట్ మైట్ (పరుపుల దుమ్ములో బతికే సన్నటి పురుగు) చుక్క దగ్గర బఠాణీ గింజంత ఉబ్బు, చుట్టూ అరచేతిలో సగం మేర ఎరుపు. బొద్దింక దగ్గర చిన్న పొక్కు. కొబ్బరి పుప్పొడి దగ్గర చర్మం ఎలా ఉన్నది అలాగే ఉంది. స్కేలు పెట్టి కొలిచారు. ఉప్పునీటి చుక్క కంటే కనీసం మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితేనే పాజిటివ్.

ఈ టెస్టుకి సుమారు వారం ముందు నుంచి సెటిరిజిన్, లీవోసెటిరిజిన్ లాంటి మాత్రలు ఆపాలి. నాకు మొదటిసారి ఆ సంగతి చెప్పలేదు. ముందురోజు రాత్రి మాత్ర వేసుకుని వెళ్తే, హిస్టమిన్ చుక్క కూడా పలకలేదు. బస్సు ఛార్జీ, ఒక రోజు పోయాయి. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఆపనక్కర్లేదు. మాత్ర ఆపలేనివాళ్లకి, ఒళ్లంతా చర్మవ్యాధి ఉన్నవాళ్లకి రక్తంలో 'స్పెసిఫిక్ ఐజీఈ' పరీక్ష ఉంది, ఒక్కో వస్తువుకి విడిగా కొలుస్తారు. 'టోటల్ ఐజీఈ' ఒక్కటి చేసి "మీకు ఎలర్జీ ఎక్కువగా ఉంది" అంటే అందులో మీకు పనికొచ్చే కబురు ఏమీ లేదు. నులిపురుగులున్నా అది పెరుగుతుంది.

ఇంకో మాట. టెస్టులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అదే రోగకారణం కాదు. పాజిటివ్ రావాలి, ఆ వస్తువు తగిలినప్పుడు నిజంగా బాధ రావాలి, రెండూ కలవాలి. డస్ట్ మైట్‌కి, బొద్దింకకి, రొయ్యకి ట్రోపోమయోసిన్ అనే ఒకే రకం ప్రోటీన్ ఉంది. అందుకని మైట్ ఎలర్జీ ఉన్నవాళ్లకి రొయ్య చుక్క దగ్గర కూడా పొక్కు రావచ్చు. ఇన్నేళ్లూ ఇబ్బంది లేకుండా రొయ్యల ఇగురు తింటున్న భీమవరం మనిషిని ఆ కాగితం చూపించి మాన్పించడం అన్యాయం. తిన్నప్పుడు దురద, వాపు వచ్చేవాళ్ల సంగతి వేరు.

అలాగే కడియం వైపు నర్సరీల పూలని అనుమానించేవాళ్లు చాలామంది. రంగురంగుల పూల పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది, తేనెటీగలు మోసుకెళ్లడానికి పుట్టింది. గాలిలో తేలి ముక్కులోకి వచ్చేది పువ్వు అని కూడా అనిపించని గడ్డి, తోటకూర జాతి కలుపు, సరుగుడు, సర్కారు తుమ్మ లాంటి వాటి పొడి.

డెల్టాలో మాత్రం నా అంచనాలో అసలు ముద్దాయి మైట్. మిల్లీమీటరులో మూడో వంతు ఉండే ఈ పురుగు మన చర్మం నుంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. నీళ్లు తాగదు, గాలిలో చెమ్మనే పీల్చుకుంటుంది. గాలిలో తేమ యాభై శాతం కన్నా తగ్గితే దానికి బతుకు కష్టం. ఇటు కాలవ, అటు చేపల చెరువు, వెనక సముద్రం. మనింట్లో తేమ యాభైకి దిగేది ఎప్పుడు? బూరుగు దూది పరుపులు, పాత బొంతలు, అటక మీది దిండ్లు దానికి పుట్టిల్లు. పరుపుకీ దిండుకీ జిప్పు కవర్లు తొడగడం, దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకడం మంచివే, చేయండి. వాటితోనే తీరిపోతుందని మాత్రం అనుకోవద్దు. తప్పించుకోలేని కారణానికి ఒంటినే అలవాటు చేయాలన్న ఆలోచనకు ఈ నేల మీద ఉన్నంత బలం ఎడారిలో ఉండదు.

టెస్టులన్నీ నెగెటివ్ వచ్చి, పొగకీ అగరొత్తికీ చల్లగాలికీ మాత్రమే ముక్కు కారుతుంటే అది ఎలర్జీ కాని రకం. రైసుమిల్లులో ఊక దుమ్ముకి వచ్చే మంట కూడా చాలాసార్లు ఇదే. వీళ్లకు ఇమ్యునోథెరపీ పనికిరాదు. మాస్కు, ఉప్పునీటి కడుగుడు, స్ప్రే. అంతే.

మూడు దారులు పక్కపక్కన

| చూడాల్సింది | మందులు | ఇంజెక్షన్ కోర్సు | నాలుక కింద చుక్కలు, మాత్ర |
|---|---|---|---|
| గుణం ఎప్పుడు | గంటల్లో (మాత్ర), వారం రెండు వారాల్లో (స్ప్రే) | కొన్ని నెలలకు | కొన్ని నెలలకు |
| ఎన్నాళ్లు | బాధ ఉన్నంత కాలం | మూడు నుంచి ఐదేళ్లు | కనీసం మూడేళ్లు |
| ఎక్కడ | ఇంట్లో | క్లినిక్‌లోనే | మొదటి డోసు క్లినిక్‌లో, మిగతావి ఇంట్లో |
| ఆపాక | బాధ తిరిగి వస్తుంది | గుణం కొన్నేళ్లు నిలుస్తుంది | గుణం కొన్నేళ్లు నిలుస్తుంది |
| భయపడాల్సింది | మగత, స్ప్రే సరిగ్గా కొట్టకపోతే ముక్కు నుంచి రక్తం | అరుదుగా ఒళ్లంతా రియాక్షన్ | నోటిలో దురద, పెద్ద రియాక్షన్ ఇంకా అరుదు |
| ఎక్కడ చెడుతుంది | తోచినప్పుడు వాడటం | ప్రయాణం, పని మానుకోవడం | మర్చిపోవడం |

మందులు

ఏ దారిలో వెళ్లినా మొదటి మెట్టు ఇదే. చాలామందికి ఆఖరి మెట్టు కూడా. ఇందులో ముఖ్యమైనది ముక్కు స్ప్రే. ఫ్లూటికసోన్, మొమెటసోన్, బుడెసొనైడ్, ఇవన్నీ స్టెరాయిడ్‌లే. ఆ పేరు వినగానే భయపడతారు. నడుముకి వేసే దానితో పోలిస్తే ఇది ముక్కు పొర మీద పనిచేసే కొద్దిపాటి మోతాదు, ఒంట్లోకి చేరేది బహు తక్కువ. రోజూ కొట్టాలి, పూర్తి గుణానికి రెండు వారాలు ఆగాలి. కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టండి. అప్పుడు స్ప్రే కొన మధ్య గోడకి తగలకుండా కంటి బయటి కొన వైపు ఉంటుంది. తల కొంచెం వంచి, మెల్లగా పీల్చాలి. గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి పోతుంది.

మాత్రల్లో పాత రొంప మాత్రలు, అంటే క్లోర్‌ఫెనిరమిన్ ఉన్నవి, మగత తెస్తాయి. వేసుకుని కాలవ గట్టు మీద బండి నడపకండి. ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటివాటికి మగత చాలా తక్కువ. ముక్కు దిబ్బడకి తక్షణం తెరిచే చుక్కలు (ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్) మూడు నుంచి ఐదు రోజులకు మించి వద్దు. మించితే ఆ చుక్కలే దిబ్బడ తెస్తాయి. మా వీధిలో ఒకాయన ఆరేళ్లుగా జేబులో ఆ సీసా లేకుండా గడప దాటడు. మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు మన దగ్గర పిప్పరమెంట్లలా రాస్తారు. నిద్ర, మనసు మీద దాని ప్రభావాల గురించి అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది. పిల్లలకి రాస్తే ఎందుకని అడగండి.

కంటికి ఓలోపటడిన్ చుక్కలు, చల్లటి గుడ్డ. నలపకూడదు. నలిపే కొద్దీ దురద పెరుగుతుంది. ఏళ్ల తరబడి నలిపితే నల్లగుడ్డు ముందు పొర పలచబడి వంపు మారే ప్రమాదం ఉంది.

ముక్కు ఉప్పునీటితో కడుక్కోవడం చవకైన మంచి పని. నీళ్లు మరిగించి చల్లార్చినవే వాడాలి. కాలవ నీళ్లు, చెరువు నీళ్లు, కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోయకండి, వాటిలో మెదడుకి ఎక్కే అమీబా ఉండొచ్చు. అరుదే, కానీ వస్తే దాదాపు ప్రాణాంతకం.

ఇంజెక్షన్ కోర్సు

భుజం వెనక, చర్మం కింద సన్నటి సూదితో వేస్తారు. నొప్పి పెద్దగా ఉండదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు వారానికి ఒకటీ రెండూ, మోతాదు పెంచుకుంటూ పోతారు. ఆ తర్వాత నెలకొకటి, మూడేళ్ల నుంచి ఐదేళ్లు. వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. ఆ అరగంటే ఈ వైద్యంలో ప్రాణం. వెయ్యి ఇంజెక్షన్లకు ఒకటి రెండు చోట్ల ఒంటి మీద దద్దుర్లో, దగ్గో, ఆయాసమో రావచ్చు. ప్రాణం పోయినవి అమెరికాలో పాత సర్వేల్లో సుమారు ఇరవై అయిదు లక్షల ఇంజెక్షన్లకు ఒకటి. అంత అరుదు కావడానికి కారణం, వెంటనే తొడకి ఆడ్రినలిన్ (రియాక్షన్‌ని ఆపే మందు) వేసే ఏర్పాటు ఉండటం. అందుకే ఈ మందు సీసా ఇంటికి తెచ్చుకుని ఊళ్లో ఎవరి చేతో వేయించుకుంటామంటే ఒప్పుకోకూడదు.

నాకు ఒక్కసారి జరిగింది. పదకొండో వారం. ముందురోజు నుంచి రొంప, కాస్త పిల్లికూతలు. చెబితే వెనక్కి పంపేస్తారు, మళ్లీ బస్సెక్కాలి అని చెప్పకుండా చెయ్యి చాపాను. ఇరవై నిమిషాలకి అరచేతులు దురద మొదలై, మెడ మీదికి దద్దుర్లు పాకాయి, గొంతులో ఏదో అడ్డం పడినట్టైంది. నర్సమ్మ చూసిన నిమిషంలోనే తొడకి సూది పడింది. పది నిమిషాల్లో సర్దుకుంది గానీ సాయంత్రం దాకా పడుకోబెట్టారు. "బాగా లేనప్పుడు చెప్పాలి కదండీ" అని డాక్టరుగారు మెల్లగానే అన్నారు. ఆ తర్వాత మోతాదు వెనక్కి తగ్గించి మళ్లీ ఎక్కించారు. జ్వరం, ఆయాసం ఉన్న రోజున వేయించుకోకూడదు. వేయించుకున్న రోజు చేనులో బరువు పని, పరుగు వద్దు.

గుణం సంగతి. నాకు ఐదో నెలలో తెలిసింది. తెలిసింది అంటే ఒకరోజు కాఫీ తాగుతుంటే, ఇవాళ తుమ్మలేదే అనిపించింది, అంతే. రెండో ఏడాది స్ప్రే సీజనుకి మాత్రమే పరిమితమైంది. ఆపేసి నాలుగేళ్లు. పూర్తిగా పోలేదు. పాత బొంత దులిపితే ఇప్పటికీ తుమ్ముతాను. పూర్తి మోతాదుకి చేరాక ఏడాది గడిచినా ఏమీ తేడా లేకపోతే ఆపేయమనే డాక్టర్లు చెబుతారు.

నాలుక కింద చుక్కలు, మాత్ర

పరగడుపున నాలుక కింద చుక్కలు వేసుకుని ఒకటి రెండు నిమిషాలు ఉంచి మింగడం. రోజూ. మొదటి డోసు డాక్టరు ముందు వేసుకుని అరగంట ఉండాలి. మొదటి వారాల్లో నోరు, చెవులు దురదగా ఉంటాయి, తర్వాత చాలామందికి తగ్గుతుంది. నోట్లో పుండున్నా, పన్ను తీయించుకున్నా కొన్ని రోజులు ఆపాలి. మైట్‌కి మాత్ర రూపంలో వచ్చినదానికి అమెరికాలో 2017లో అనుమతి ఇచ్చారు, ఈ మధ్య మన దేశంలోనూ వచ్చింది.

ఇంజెక్షన్‌తో పోలిస్తే గుణంలో తేడా పెద్దగా లేదు. ఉన్నా ఇంజెక్షన్‌ది ఓ మెట్టు పైన అనేవాళ్లున్నారు. భద్రతలో మాత్రం చుక్కలదే పైచేయి. మరి అందరూ ఇదే తీసుకోవచ్చుగా? మా బావమరిది కథ చెబుతాను. తణుకులో వ్యాపారం, వారం వారం క్లినిక్‌కి వెళ్లే తీరిక లేదని చుక్కలు తీసుకున్నాడు. మొదటి రెండు నెలలు అలారం పెట్టుకుని మరీ వేసుకున్నాడు. మూడో నెలలో పెళ్లిళ్లు, ఊళ్లు. సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, ప్రయాణంలో తీసుకెళ్లడు. ఐదో నెల నుంచి గుర్తొచ్చినప్పుడు. ఎనిమిదో నెలలో "ఏం పనిచేయలేదు బావా, డబ్బు దండగ" అన్నాడు. పనిచేసేంత మందు వాడి ఒంట్లోకి ఎప్పుడు వెళ్లింది? క్లినిక్‌కి వెళ్లేవాళ్లకి ఫోన్ చేసి పిలిచే నర్సు ఉంటుంది. ఇంట్లో వేసుకునేవాళ్లని పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు.

ధర అడిగేటప్పుడు నెలకెంత అని అడగకండి, మూడేళ్లకెంత అని అడగండి. ఇంజెక్షన్ పక్కన బస్సు ఛార్జీ, పోయిన కూలి కూడా రాయండి. చుక్కలు ఎక్కువనిపించినా, లంక గ్రామం నుంచి వచ్చే మనిషికి చివరికి అవే చవక పడొచ్చు.

ఎవరికి ఏది

*ఏడాదిలో రెండు మూడు వారాలే బాధ:* మందులు చాలు. నూర్పిళ్లకు రెండు వారాల ముందే స్ప్రే మొదలుపెట్టండి. దుమ్ము పనికి ఎన్95 మాస్కు. సంక్రాంతి దులుపుళ్లు ఇంకొకరికి అప్పజెప్పండి, ఈ విషయంలో మొహమాటం వద్దు.

*ఏడాదంతా బాధ, టెస్టులో మైట్ స్పష్టంగా, రెండు మూడు నెలలు స్ప్రే సరిగ్గా వాడినా తీరలేదు:* ఇమ్యునోథెరపీకి ఇంతకంటే తగిన మనిషి లేడు. క్లినిక్ గంట దూరంలోపు ఉంటే నా ఓటు ఇంజెక్షన్‌కే. దూరమై, బీపీ మాత్రను ఏళ్ల తరబడి ఒక్కరోజు తప్పకుండా వేసుకునే రకమైతే చుక్కలు.

*ఆయాసం ఉన్నవాళ్లు:* తేలికగా ఉండి ఇన్‌హేలరుతో అదుపులో ఉంటే ఇమ్యునోథెరపీ చేయొచ్చు, మేలు కూడా. అదుపులో లేకపోతే ముందు అది సరిచేసుకోవాలి. ప్రాణం మీదికి వచ్చిన రియాక్షన్లలో చాలావాటికి వెనక ఇదే ఉంటుంది.

*పిల్లలు:* సాధారణంగా ఐదేళ్లు దాటాక. ముక్కు ఎలర్జీ పిల్లల్లో పుప్పొడి ఇమ్యునోథెరపీ వల్ల ఆస్తమా వచ్చే అవకాశం తగ్గిందని యూరప్‌లో పిల్లల మీద చేసిన అధ్యయనాలున్నాయి. సూదికి భయం కాబట్టి చుక్కలే నయం. సీసా మాత్రం అమ్మ చేతిలోనే ఉండాలి.

*కళ్ల బాధే ఎక్కువ ఉన్న మగపిల్లలు:* మా మేనల్లుడికి ఎనిమిదో ఏట మొదలైంది. ఎండాకాలంలో కళ్లు తెరవలేడు, తీగలా సాగే పుసి, వెలుతురు చూస్తే ఏడుపు. దీన్ని వర్నల్ అంటారు. వేడి ప్రాంతాల్లో మగపిల్లల్లో ఎక్కువ. స్కిన్ టెస్టు దాదాపు సగం మందికి నెగెటివే, ఇమ్యునోథెరపీ మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదు. వీళ్లు ఈఎన్‌టీ దగ్గరికి కాదు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చెల్లెలు మొదట్లో మందుల షాపులో ఇచ్చిన చుక్కలే ఏడాది వేసింది. రెండు రోజుల్లో కళ్లు మల్లెపువ్వుల్లా తెల్లబడేవి. అవి స్టెరాయిడ్ చుక్కలు. కంటి ఒత్తిడి పెరిగాక గానీ తెలియలేదు. చీటీ లేకుండా కంట్లో చుక్కలు కొనొద్దని ఇప్పుడు ఆవిడే ఊరందరికీ చెబుతోంది.

*గల్ఫ్ వెళ్లేవాళ్లు:* రాజోలు, నరసాపురం వైపు ఇంటికొకరు ఉంటారు. రెండేళ్లకోసారి వచ్చేవాళ్లు ఇంజెక్షన్ మొదలుపెట్టి లాభం లేదు. అక్కడి గాలిలో ఉన్నవి వేరు, అక్కడ మీకు బాధ ఉందో లేదో ముందు చూసుకోండి. ఊరికి వచ్చినప్పుడే తుమ్ములైతే ఆ నెల రోజులకు స్ప్రే చాలు.

*గర్భిణులు:* కొత్తగా మొదలుపెట్టరు. నెలకొక డోసు దశలో ఉండి ఒంటికి పడుతుంటే డాక్టరు సలహాతో కొనసాగించొచ్చు. రెండో ఏడాది పెళ్లి, మూడో ఏడాది కాన్పు అనే లెక్క ఉన్న ఆడపిల్లలు మొదలుపెట్టే ముందే ఈ మాట డాక్టరుతో అనండి.

*గుండెకీ బీపీకీ మందులు వాడేవాళ్లు:* అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడుతుంటే ఆపదలో ఆడ్రినలిన్ సరిగ్గా పట్టకపోవచ్చు. మందుల చీటీ మొత్తం చూపించండి. సొంతంగా బీపీ మందు ఆపకండి.

డాక్టరు దగ్గర అడగాల్సినవి

సీసాలో ఏమేమి కలుపుతున్నారో అడగండి. ఒకటో రెండో ముఖ్యమైనవాటికి ఇస్తే నయం. అరవై వస్తువులకి టెస్టు చేసి, పొక్కు వచ్చిన పదీ పన్నెండూ ఒకే సీసాలో కలిపితే ఏదీ చాలినంత ఉండదు. మైట్, గడ్డి పుప్పొడుల విషయంలో రుజువులు గట్టివి. బూజు, బొద్దింకల విషయంలో అంత గట్టివి కావు. ఆడ్రినలిన్ ఉందా, అరగంట కూర్చోబెడతారా అని కూడా అడగండి. మొహమాటపడితే నష్టం మనకే.

ఆఖరిగా, గ్యాప్ వస్తే ఏం చేయాలో ముందే కాగితం మీద రాయించుకోండి. ఆగస్టులో వరదొచ్చి నరసాపురం–సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పడవ) ఆగిపోతే, లంకల్లోవాళ్లకి రోజుల తరబడి దారి ఉండదు. నెలకొకటి వేసే దశలో కొద్ది రోజులు ఆలస్యమైతే ఫర్వాలేదు. వారాలు దాటితే పాత మోతాదు వేయించుకోకూడదు, డాక్టరు తగ్గించి మొదలుపెడతారు. చుక్కలు, మాత్రలు వారం కంటే ఎక్కువ ఆగిపోతే ఫోన్ చేసి అడిగాకే వేసుకోండి. ఇంజెక్షన్ సీసాలు, చుక్కలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల్లో ఉండాలి, గడ్డకట్టకూడదు. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి కరెంటు ఎన్నాళ్లు రాలేదో గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు కరెంటు పోయిన రోజే సీసాని ఐసుగడ్డలకి నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. మళ్లీ కరెంటు వచ్చేదాకా అలా ఉంచలేకపోతే ఆ సీసా పారేసి, కొత్తది తెప్పించుకుని, మోతాదు అడిగాకే మొదలుపెట్టండి.